జెఫర్సన్ కంటే ముందు నలుగురు: కాలేజీ రిసీవర్ భవిష్యత్తును అంచనా వేయడం ఎందుకంత కష్టం?

2020 ఏప్రిల్ 23 రాత్రి. అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ లాస్ వేగాస్‌లో అట్టహాసంగా జరగాల్సింది, కోవిడ్ దెబ్బకు ఇళ్లకే పరిమితమైంది. కమిషనర్ రోజర్ గుడెల్ తన ఇంటి నేలమాళిగలో నిలబడి ఒక్కో పేరూ చదువుతున్నారు. 12వ ఎంపికలో రెయిడర్స్ హెన్రీ రగ్స్‌ను, 15లో బ్రాంకోస్ జెర్రీ జూడీని, 17లో కౌబాయ్స్ సీడీ ల్యామ్‌ను తీసుకున్నాయి. 21వ ఎంపిక ఫిలడెల్ఫియా ఈగిల్స్‌ది. ఆ జట్టుకు పాస్‌లు అందుకునే రిసీవర్ అవసరం ఎంత ఉందో లీగ్ అంతటికీ తెలుసు. ఈగిల్స్ టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ ఆటగాడు జేలెన్ రేగర్ వైపు మొగ్గింది. వెంటనే 22వ ఎంపికలో మిన్నెసోటా వైకింగ్స్ లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్‌ఎస్‌యూ) చెందిన జస్టిన్ జెఫర్సన్‌ను తీసుకుంది.

మొదటి సీజన్ ముగిసేసరికి జెఫర్సన్ ఖాతాలో 88 క్యాచ్‌లు, 1,400 గజాలు. రేగర్ ఖాతాలో 31 క్యాచ్‌లు, 396 గజాలు. 2022లో జెఫర్సన్ 1,809 గజాలు సాధించి ఆ ఏటి ఉత్తమ అఫెన్సివ్ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అదే ఏడాది సీజన్ మొదలవడానికి ముందు ఈగిల్స్ రేగర్‌ను వదిలించుకుంది. అతన్ని తీసుకున్న జట్టు మరేదో కాదు, వైకింగ్సే.

ఫలితం తెలిశాక ఈగిల్స్‌ను ఎగతాళి చేయడం తేలిక, ఫిలడెల్ఫియా అభిమానులు ఆ పని ఇప్పటికీ మానలేదు. కానీ ఆ రాత్రి ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఆట తెలియనివాళ్లు కారు. వాళ్ల చేతిలో వీడియోలు, కొలతలు, గణాంకాలు, వైద్య నివేదికలు అన్నీ ఉన్నాయి. అయినా లెక్క తప్పింది. ఎక్కడ తప్పిందో చూస్తే, కాలేజీ రిసీవర్‌ను అంచనా వేసేవాళ్లు నిజానికి ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో తెలుస్తుంది. అతను ఎంత సాధించాడన్నది ఆ ప్రశ్న కాదు. ఆ సాధనలో అతని వాటా ఎంత, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ వాటా ఎంత, కోచ్ పన్నిన వ్యూహం వాటా ఎంత, కాలేజీ నిబంధనల వాటా ఎంత అన్నది అసలు ప్రశ్న.

వైడ్ రిసీవర్ పని చెప్పుకోవడానికి చిన్నదే. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టుకుని ముందుకు పరుగెత్తాలి. కానీ బంతి గాలిలోకి లేవడానికి ముందే, తనను అంటిపెట్టుకుని వచ్చే కార్నర్‌బ్యాక్ నుంచి గజమో గజమున్నరో ఎడం సంపాదించాలి. అదీ నిర్దేశించిన దారిలో, నిర్దేశించిన క్షణానికి. క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి సగటున మూడు సెకన్లయినా నిలవదు. అందులో మొదటి సెకను దాదాపు కాళ్లూ చేతుల పెనుగులాటకే పోతుంది. టీవీ కెమెరా క్వార్టర్‌బ్యాక్ మీద ఉంటుంది కాబట్టి ప్రేక్షకులకు కనిపించేది చివరి ఘట్టం మాత్రమే. రిసీవర్ బతుకు తేలేది అంతకు ముందే.

ఆ ఎడం కాలేజీలో ఎంత తేలికగా దొరుకుతుందో తెలియాలంటే నిబంధనల పుస్తకం తెరవాలి. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. కానీ ఆట మొదలుపెట్టే హ్యాష్ గీతల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులు. అంటే కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద ఉన్నప్పుడు ఒక పక్క 60 అడుగులు, మరో పక్క ఏకంగా 100 అడుగులు ఖాళీ ఉంటుంది. అంత విశాలమైన జాగాను కాపలా కాయడం 20 ఏళ్ల డిఫెండర్‌కు శక్తికి మించిన పని. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ వెడల్పు పక్క 90 అడుగులకు కాస్త తక్కువకు కుంచించుకుపోతుంది, పైగా అక్కడ కాపలా కాసేవాళ్లు దేశంలోకెల్లా వేగవంతులు.

ఇంకో నిబంధన మరీ కీలకం. పాస్ వేసే ఆటలో కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌కు ముందు నిలబడి కాచే లైన్‌మెన్ ఆట మొదలయ్యే గీత దాటి మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. మూడు గజాల వెసులుబాటు ఉండటంతో కాలేజీ కోచ్‌లు పరుగు ఆట లాగే కనిపించే పాస్‌లను అల్లుతారు. లైన్‌మెన్ ముందుకు దూకుతుంటే ఎదుటి జట్టులో వెనక కాపలా ఉండే లైన్‌బ్యాకర్లు పరుగు అనుకుని ముందుకొస్తారు, వాళ్లు ఖాళీ చేసిన చోట రిసీవర్ ఒంటరిగా నిలబడి బంతి అందుకుంటాడు. స్కోరు పట్టికలో అది 12 గజాల క్యాచ్. రిసీవర్ నైపుణ్యం గురించి అది చెప్పేది సున్నా.

క్యాచ్‌కు కాలేజీలో ఒక పాదం గీత లోపల పడితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ పడాలి. తిరకాసు ఏమిటంటే, ఒక్క విషయంలో మాత్రం ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధనలే రిసీవర్ పక్షం: ఐదు గజాలు దాటాక డిఫెండర్ అతన్ని పట్టి ఆపడానికి వీల్లేదు, కాలేజీలో బంతి గాలిలోకి లేచేదాకా ఒంటి తాకిడికి చాలావరకు అనుమతి ఉంది. అయినా కాలేజీ డిఫెండర్లలో ఎక్కువమంది ఆ అవకాశం వాడుకోరు, ఐదారు గజాలు వెనక్కి తగ్గి నిలబడతారు. రంజీలో చదునైన పిచ్‌ల మీద పరుగుల వరద పారించిన బ్యాటర్ పెర్త్‌లో నిలబడగలడా అన్న ప్రశ్న లాంటిదే ఇదీ. కాకపోతే ఇక్కడ పిచ్‌తో పాటు నిబంధనలూ మారిపోతాయి.

ఇప్పుడు 2019 నాటి ఎల్‌ఎస్‌యూ జట్టును చూద్దాం. క్వార్టర్‌బ్యాక్ జో బరో ఆ సీజన్‌లో 60 టచ్‌డౌన్ (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించి చేసే స్కోరు) పాస్‌లు విసిరాడు. జట్టు 15 మ్యాచ్‌లు ఆడి పదిహేనూ గెలిచింది. జెఫర్సన్ 111 క్యాచ్‌లతో 1,540 గజాలు, 18 టచ్‌డౌన్లు సాధించాడు. అతని సహచరుడు జమార్ చేజ్ 84 క్యాచ్‌లలోనే 1,780 గజాలు, 20 టచ్‌డౌన్లు చేశాడు. మూడో రిసీవర్ టెరెస్ మార్షల్ కూడా 13 టచ్‌డౌన్లు చేశాడు. అంత భారీ యంత్రాంగంలో ఎవరి గొప్పతనం ఎంత? ఈ సందేహం జట్ల కోసం ఆటగాళ్లను అంచనా వేసే స్కౌట్లకు రావడం సహజమే, రాకపోతేనే తప్పు.

తర్వాతి కథ ఆ సందేహానికి మూడు వేర్వేరు జవాబులిచ్చింది. చేజ్ 2020 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చున్నా, 2021లో సిన్సినాటి బెంగాల్స్ అతన్ని ఐదో ఎంపికలో తీసుకుంది. తొలి ఏడాదే 1,455 గజాలు చేశాడు. జెఫర్సన్ సంగతి చూశాం. మార్షల్‌ను 2021లో 59వ ఎంపికలో తీసుకున్న కెరొలైనా పాంథర్స్‌కు మూడు సీజన్లలో అతని నుంచి దక్కింది ఒకే ఒక్క టచ్‌డౌన్. కెరొలైనాలో క్వార్టర్‌బ్యాక్‌లు మారుతూ పోయారు, ఆ మాట కూడా చెప్పాలి. అయినా ఒకే కాలేజీ, ఒకే క్వార్టర్‌బ్యాక్, ఒకే వ్యూహం, ఒకే సీజన్ ఇచ్చిన ముగ్గురు ఆటగాళ్లలో ఇంత తేడా ఉందంటే, టచ్‌డౌన్ల అంకె చూసి మనిషిని కొనడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

స్లాట్ అనే ముద్ర

జెఫర్సన్ మీద పడిన అసలు అనుమానం వేరు. 2019లో కోచ్ జో బ్రేడీ రూపొందించిన పాస్ ఆటలో చేజ్, మార్షల్ అంచుల్లో నిలబడేవారు, జెఫర్సన్ దాదాపు ఎప్పుడూ లోపలి పక్కన, అంటే స్లాట్‌లో ఉండేవాడు. స్లాట్‌లో నిలబడే ఆటగాడికి రెండు సౌకర్యాలున్నాయి. అతను గీతకు గజం వెనక నిలబడతాడు కాబట్టి ఎదుటివాడి చేతులు వెంటనే మీద పడవు. కుడికీ ఎడమకీ రెండు వైపులా దారి తెరిచి ఉంటుంది. అంచున నిలబడేవాడికి ఒక వైపు మైదానం గీతే గోడ, ముందు చేతికందే దూరంలో కార్నర్‌బ్యాక్. అందుకే "స్లాట్‌లో ఆడినవాడు అంచున నిలవగలడా?" అన్న ప్రశ్న. ఈగిల్స్ అతన్ని ప్రధానంగా స్లాట్ ఆటగాడిగానే చూసిందని తర్వాత పత్రికల్లో విస్తృతంగా వచ్చింది. ఆ జట్టుకు కావలసింది అంచు నుంచి పైకి దూసుకుపోయి డిఫెన్స్‌ను సాగదీసే వేగం. రేగర్‌లో అది కనిపించింది.

జవాబు ఒక ఏడాది వెనక్కి వెళ్తే దొరికేది. 2018లో ఎల్‌ఎస్‌యూ పాత కాలపు మోటు ఆట ఆడింది. బరో అప్పటికింకా మామూలు క్వార్టర్‌బ్యాకే. ఆ సీజన్‌లో జెఫర్సన్ ఎక్కువగా అంచునే ఆడాడు. 54 క్యాచ్‌లతో 875 గజాలు చేసి జట్టులో అందరికంటే ముందు నిలిచాడు. అప్పటికి అతని వయసు 19. ఎల్‌ఎస్‌యూ ఆడే కాలేజీ జట్ల కూటమి ఆగ్నేయ కాన్ఫరెన్స్ కార్నర్‌బ్యాక్‌లకు ఎదురుగా, సాధారణ పాస్ ఆటలో, అంచు నుంచి వచ్చిన గజాలవి. 2019 నాటి 1,540 గజాల కంటే ఈ 875 గజాలే అతని గురించి ఎక్కువ చెబుతాయి. 2019లో అతన్ని స్లాట్‌లోకి పంపింది అతనికి అంచున ఆట రాక కాదు, అతను లోపల నిలబడితే జట్టుకు లాభం కాబట్టి. ఆటగాడు ఎక్కడ నిలబడ్డాడన్న దానితో పాటు, ఎందుకు నిలబడ్డాడో కూడా అడగాలి.

2019 డిసెంబర్ 28న ఓక్లహామాపై జరిగిన సెమీఫైనల్ ఈ చర్చను మరింత తికమకపెట్టింది. ఆ మ్యాచ్‌లో జెఫర్సన్ 14 క్యాచ్‌లతో 227 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు సాధించాడు. నాలుగు టచ్‌డౌన్లూ మొదటి అర్ధభాగంలోనే. ఓక్లహామా డిఫెన్స్ ఆ రోజు అక్షరాలా చేతులెత్తేసింది. అభిమానికి అది జీవితాంతం గుర్తుండే మ్యాచ్, స్కౌట్‌కు మాత్రం దాదాపు పనికిరాని మ్యాచ్. ఎవరూ కాపలా కాయని చోట బంతి పట్టుకోవడం ఎన్‌ఎఫ్‌ఎల్ ఆశావహులందరికీ వచ్చు.

గడియారం చెప్పేదీ చెప్పనిదీ

ఏటా ఫిబ్రవరి చివర్లో ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ పరీక్షల్లో 40 గజాల పరుగుకు ఉన్న ఆకర్షణ మరి దేనికీ లేదు. 2020లో రగ్స్ 4.27 సెకన్లలో పరుగెత్తాడు, జెఫర్సన్ 4.43, జూడీ 4.45, రేగర్ 4.47, ల్యామ్ 4.50. వేగం మీద ఉన్న సందేహాలను జెఫర్సన్ ఆ రోజే తీర్చేశాడు. రేగర్ అనుకున్నంత వేగం చూపలేదు గానీ, నిలబడి ఎగిరిన ఎత్తు 42 అంగుళాలు. అంటే కాళ్లలో పేలుడు ఉందన్నమాట. ఈ పట్టిక చూసి ఎవరు ఎవరికంటే మేలో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. నిజానికి ఆ 22 ఎంపికల్లో అత్యంత నెమ్మదిగా పరుగెత్తిన రిసీవర్ ల్యామ్ 2023లో 135 క్యాచ్‌లు, 1,749 గజాలు సాధించాడు. కౌబాయ్స్ కార్యాలయమూ శిక్షణ మైదానమూ ఉన్న ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అక్కడి పిల్లలకు ల్యామ్ ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

గడియారానికి మొక్కితే ఏమవుతుందో 2017 డ్రాఫ్ట్ చెబుతుంది. వాషింగ్టన్ యూనివర్సిటీ ఆటగాడు జాన్ రాస్ 4.22 సెకన్లతో అప్పటి కంబైన్ రికార్డు నెలకొల్పాడు. బెంగాల్స్ అతన్ని తొమ్మిదో ఎంపికలోనే తీసుకుంది. గాయాలు వెంటాడిన అతని కెరీర్‌లో ఏ సీజన్‌లోనూ 30 క్యాచ్‌లు దాటలేదు. అదే డ్రాఫ్ట్‌లో 4.62 సెకన్లు తీసుకున్న కూపర్ కూప్ 69వ ఎంపిక దాకా మిగిలాడు. రెండో శ్రేణి కళాశాల ఈస్టర్న్ వాషింగ్టన్‌లో అతను 6,464 గజాలు, 73 టచ్‌డౌన్లు చేసినా, "ఎవరి మీద చేశాడు?" అన్న ఒక్క మాటతో చాలామంది పక్కనపెట్టారు. ఆ ప్రశ్న సరైనదే, దానికి సమాధానం వెతక్కపోవడమే పొరపాటు. 2015లో అతని జట్టు అగ్రశ్రేణి జట్టు ఒరెగాన్‌తో తలపడినప్పుడు కూప్ 15 క్యాచ్‌లతో 246 గజాలు, మూడు టచ్‌డౌన్లు చేశాడు. చిన్న కళాశాల ఆటగాడి విషయంలో చూడాల్సినవి పెద్ద జట్లతో ఆడిన ఆ రెండు మూడు మ్యాచ్‌లే. 2021లో కూప్ 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి, ఆ సీజన్ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

అలాగని కొలతలన్నీ వృథా అనుకుంటే అది మరో తప్పు. 2019లో మిసిసిపి యూనివర్సిటీకి చెందిన డీకే మెట్‌కాఫ్ 228 పౌండ్ల బరువుతో 40 గజాలను 4.33 సెకన్లలో దాటాడు. ఆ బరువుకు ఆ వేగం నమ్మశక్యం కానిది. అయితే మూడు కోన్ల పరీక్షలో, అంటే ఐదేసి గజాల దూరంలో పెట్టిన కోన్ల చుట్టూ దిశ మార్చుకుంటూ తిరిగే పరీక్షలో, 7.38 సెకన్లు తీసుకున్నాడు. చురుకుదనానికి ఏనాడూ పేరు లేని క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 2000లో ఇదే పరీక్షను 7.20 సెకన్లలో ముగించాడని గుర్తుచేస్తూ జనం నవ్వుకున్నారు. మెడ గాయం వల్ల చివరి కాలేజీ సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. మొత్తం కాలేజీ జీవితంలో పట్టినవి 67 క్యాచ్‌లే. చివరికి ఎనిమిది మంది రిసీవర్ల తర్వాత, రెండో రౌండ్ ఆఖరి ఎంపికగా, 64లో సియాటిల్ సీహాక్స్ అతన్ని తీసుకుంది.

ఆ 7.38 అబద్ధం కాదు. మెట్‌కాఫ్ మెలికలు తిరిగే ఆటగాడు కాడు. సీహాక్స్ అతన్ని మెలికలు తిరగమని అడగలేదు. నిట్టనిలువుగా పైకి పరుగెత్తడం, ఉన్నట్టుండి ఆగి వెనక్కి తిరగడం, ఏటవాలుగా లోపలికి రావడం, మొదట్లో ఇంతే. విసిరేవాడు రసెల్ విల్సన్, పొడవైన పాస్‌లు అతని ప్రత్యేకత. రెండో ఏడాదికే మెట్‌కాఫ్ 1,303 గజాలు చేశాడు. కొలత ఒక లోపాన్ని చూపితే, ఆ లోపం బయటపడని పని ఈ జట్టులో ఉందా అని అడగాలి. మిగతా జట్లు ఆ ప్రశ్న అడగలేదో, అడిగినా తమ దగ్గర అలాంటి చోటు లేదనుకున్నాయో!

వీడియోలో ఏం చూడాలి?

జట్ల దగ్గర ఉండే వీడియో టీవీలో వచ్చేది కాదు. మైదానం ఎత్తు నుంచి 22 మందినీ ఒకేసారి చూపే దృశ్యం అది. రిసీవర్‌ను అంచనా వేసేవాళ్లు దాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసేది మొదటి రెండు అడుగుల కోసం. ఎదురుగా కార్నర్‌బ్యాక్ అడుగు దూరంలో, చేతులు చాచి నిలబడి ఉన్నాడనుకుందాం. బంతి కదలగానే రిసీవర్ ఒక కాలు బయటికి వేస్తాడు, భుజం కూడా అటే వంచుతాడు. కార్నర్‌బ్యాక్ నడుము అటు తిరిగిందా, పని సగం పూర్తయినట్టే. మరో చేత్తో వాడి మణికట్టును కిందికి కొట్టి రిసీవర్ లోపలికి జారుకుంటాడు. ఇక్కడ తేలిపోయేవాళ్లు ఎక్కువమంది కాళ్లు ఆడించీ ఆడించీ ఉన్నచోటే ఉండిపోతారు. చూడటానికి అది మహా చురుకుగా కనిపిస్తుంది, కానీ క్వార్టర్‌బ్యాక్ ఎదురుచూసే క్షణం దాటిపోతుంది. మొదటి కదలిక వల్ల ముందుకు ఎంత జరిగాడన్నదే లెక్క.

రెండో చూపు దిశ మార్చే చోట. 15 గజాలు పూర్తి వేగంతో పరుగెత్తి హఠాత్తుగా లోపలికి తిరగాలి. మామూలు ఆటగాడు ఆగడానికి ముందు ఛాతీని నిటారుగా లేపుతాడు, అడుగులు చిన్నవవుతాయి. అనుభవజ్ఞుడైన కార్నర్‌బ్యాక్‌కు ఆ సైగ చాలు. మంచి ఆటగాడు మోకాళ్లు వంచి నడుమును కిందికి దించుతాడే తప్ప ఛాతీ లేవదు. ఇంకా పరుగెత్తబోతున్నాడన్న భ్రమ చివరి అడుగు దాకా నిలుస్తుంది. జెఫర్సన్ ఆటలో అందరూ మెచ్చుకునేది సరిగ్గా ఇదే: ప్రతి దారీ మొదటి పది గజాలు ఒకేలా కనిపిస్తుంది. ఇది ఏ గడియారానికీ చిక్కదు.

మూడోది చేతులు. జారవిడిచిన బంతుల శాతం మీద ఆధారపడటం అంత క్షేమం కాదు. సీజన్‌లో వంద పాస్‌లు కూడా రాని ఆటగాడికి నాలుగు జారడానికీ ఎనిమిది జారడానికీ మధ్య తేడా చాలావరకు అదృష్టమే. ఎలా పట్టుకుంటున్నాడో చూడటం మేలు. బంతిని ఒంటికి దూరంగా అరచేతులతో అందుకుంటున్నాడా, ఛాతీకి హత్తుకుంటున్నాడా? చేతులు ముందే పైకి లేపి వెనక వస్తున్న డిఫెండర్‌కు బంతి రాకను చాటుతున్నాడా, చివరి క్షణం దాకా కిందే ఉంచుతున్నాడా? 2021లో సీజన్‌కు ముందు జరిగిన సన్నాహక మ్యాచ్‌లలో చేజ్ వరుసగా బంతులు జారవిడిచినప్పుడు బెంగాల్స్ తప్పు చేసిందన్న గోల మొదలైంది. కాలేజీ బంతి మీద ఉండే తెల్లని పట్టీలు ఎన్‌ఎఫ్‌ఎల్ బంతి మీద ఉండవని, దాన్ని గుర్తుపట్టడం కష్టంగా ఉందని చేజ్ చెప్పాడు. సాకు అని నవ్వినవాళ్లు నవ్వారు. నెల తిరిగేసరికి ఎవరూ ఆ ఊసెత్తలేదు. కాలేజీలో చేతులతో శుభ్రంగా పట్టినవాడికి నాలుగైదు జారినంత మాత్రాన చేతులు పోవు.

చివరిదీ తరచూ విస్మరించేదీ ఒకటుంది. బంతి తన వైపు రానప్పుడు అతను ఏం చేస్తున్నాడు? పరుగు ఆటలో ఎదుటివాడిని అడ్డుకుంటున్నాడా, నడుస్తున్నాడా?

మొత్తం కంటే వాటా

గత పదిహేనేళ్లలో గణాంక నిపుణులు ఈ రంగంలోకి తెచ్చిన మంచి ఆలోచన ఒకటి ఉంది. మొత్తం గజాలు చూడకుండా, జట్టు పాస్ గజాల్లోనూ టచ్‌డౌన్లలోనూ ఆ ఆటగాడి వాటా ఎంతో చూడటం. ఆ వాటా మొదటిసారి పెద్దదైనప్పుడు అతని వయసు ఎంతో చూడటం. 19 ఏళ్లకే తనకంటే పెద్దవాళ్లను దాటి జట్టులో ముందు నిలిచినవాడు, 22 ఏళ్లకు కుర్రాళ్ల మీద చెలరేగినవాడి కంటే నమ్మదగినవాడు. 2018 నాటి జెఫర్సన్ ఈ పరీక్షలో దివ్యంగా నెగ్గుతాడు.

అయితే రేగర్ కూడా నెగ్గుతాడు, ఇబ్బంది అక్కడే. 2018లో 19 ఏళ్ల వయసులో అతను 1,061 గజాలు, 9 టచ్‌డౌన్లు చేశాడు. 2019లో అవి 611 గజాలకు పడిపోతే, పాస్‌లు విసిరింది తొలి ఏడాది కుర్రాడైన క్వార్టర్‌బ్యాక్ కాబట్టి రేగర్ తప్పేమీ లేదని సమర్థించారు. ఆ సమర్థనలో నిజం ఉంది. కానీ ఒకరి మంచి అంకెలకు క్వార్టర్‌బ్యాక్ కారణమని తగ్గించి, మరొకరి చెడ్డ అంకెలకూ క్వార్టర్‌బ్యాక్ కారణమని మన్నిస్తే, చివరికి మిగిలేది ముందే మనసులో ఉన్న ఇష్టం.

వాటా లెక్కకు మరో పరిమితి ఉంది. 2019 అలబామా జట్టులో జూడీ, రగ్స్, డెవాంటా స్మిత్, జేలెన్ వాడల్ నలుగురూ కలిసి ఆడారు, నలుగురూ మొదటి రౌండ్‌లో ఎంపికయ్యారు. అలాంటి చోట ఎవరి వాటా చూసినా చిన్నదే. స్మిత్ మరుసటి ఏడాది 1,856 గజాలతో కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కూడా 166 పౌండ్ల బక్కపలచని ఒళ్లు నిలబడుతుందా అన్న భయం వెంటాడింది. 2021లో అతన్ని పదో ఎంపికలో తీసుకున్నది ఈగిల్స్. ముందు ఏడాది తగిలిన దెబ్బకు మందు అక్కడ దొరికిందనుకోవచ్చు.

ఈ తిప్పలన్నీ ఎందుకంటే డబ్బు. మొదటి రౌండ్ ఆటగాడితో నాలుగేళ్ల ఒప్పందం స్థిరమైన ధరకు కుదురుతుంది, ఐదో ఏడాది జట్టు ఇష్టం. ఆ నాలుగేళ్లలో అతను రాణిస్తే జట్టుకు దక్కేది కారుచౌక. ఆ తర్వాత అదే ఆటకు మార్కెట్ ధర కట్టాలి. 2024 జూన్‌లో వైకింగ్స్ జెఫర్సన్‌తో కుదుర్చుకున్న పొడిగింపు విలువ నాలుగేళ్లకు 14 కోట్ల డాలర్లు. అందుకే రిసీవర్‌ను ముందుగా గుర్తించడం ఇప్పుడు పాతికేళ్ల కిందటి కంటే ఎక్కువ లాభసాటి. అందుకే 2023లో 20 నుంచి 23 దాకా వరుసగా నాలుగు ఎంపికల్లో నలుగురు రిసీవర్లు వెళ్లిపోయారు: జాక్సన్ స్మిత్ ఎన్‌జిగ్బా, క్వెంటిన్ జాన్‌స్టన్, జే ఫ్లవర్స్, జోర్డన్ ఆడిసన్.

ఆ ఏడాది ఆ నలుగురిలో ఎవరికంటేనైనా ఎక్కువ గజాలు చేసిన కొత్త రిసీవర్ 177వ ఎంపికలో, ఐదో రౌండ్‌లో వచ్చాడు. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన పూకా నాకువా పేరు పక్కన స్కౌట్లు రాసుకున్నవి గాయాలు, మధ్యలో కళాశాల మారడం, మెరుపులేని వేగం. చివరి కాలేజీ సీజన్‌లో ఆడింది తొమ్మిది మ్యాచ్‌లే. ఆ తొమ్మిదింటిలోనూ బంతి లేనప్పుడు ఎదుటివాళ్లను ఢీకొట్టే తీరు, పట్టుకున్నాక కింద పడటానికి ఒప్పుకోని మొండితనం స్పష్టంగా కనిపిస్తాయి. అతన్ని తీసుకున్న లాస్ ఏంజెలెస్ రామ్స్ ఆరేళ్ల ముందు కూప్‌ను తీసుకున్న జట్టే. గడియారాన్ని పెద్దగా లెక్కచేయకుండా, తమ ఆటలో చేయాల్సిన పని ఎవరు చేస్తారో వెతికే అలవాటు అక్కడ అప్పటికే ఉంది. సీజన్ మొదట్లో కూప్ తొడ కండరం గాయంతో నాలుగు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ఆ ఖాళీలో నాకువా మొదటి మ్యాచ్‌లో 10 క్యాచ్‌లు, రెండో మ్యాచ్‌లో 15 క్యాచ్‌లు పట్టాడు. సీజన్ ముగిసేసరికి 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. అప్పటికి కొత్త ఆటగాళ్లలో రెండూ రికార్డులే. కూప్ కాలు బాగుండి ఉంటే ఆ మొదటి నెలలో పాస్‌లలో ఎక్కువ అతనికే వెళ్లేవి, నాకువాకు అంత త్వరగా అన్ని అవకాశాలు వచ్చేవి కావు.